కుట్టు తప్పిన వానాకాలం

ఆ ఏడాది మే నెలాఖరుకి వానలు దిగాయి, మా పడవ డాక్ ఎక్కింది, మా ఆవిడకి ఏడో నెల వచ్చింది. మూడూ ఒకే వారంలో జరిగాయి. పడవంటే ఫీనిక్స్ బే రేవు నుంచి చిన్న దీవులకి జనాన్ని తిప్పే ఫెర్రీ. అందులో నేను ఇంజన్ రూంలో పనిచేస్తాను. పడవ మరమ్మతుకని డ్రై డాక్‌లో ఉన్నన్నాళ్లూ మాకు పొద్దుటి పూటే డ్యూటీ. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండేవాణ్ణి. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఒక వానాకాలమంతా ఇంటి అన్నం తినడం నాకు అదే మొదలు. ఖాళీగా ఇంట్లో కూర్చున్న మగాడు ఊరుకోడు కదా, ఏదో ఒకటి బాగుచేస్తానంటాడు. నాకు అమ్మ కుట్టు మిషను దొరికింది.

మా అమ్మ పేరు శేషమ్మ. మా ప్రోతరాపూర్‌లో బస్సు దిగి శేషమ్మగారిల్లు ఎక్కడని అడిగితే, “బొంతల శేషమ్మేనా?” అని అడిగి మరీ చూపించేవాళ్లు. చుట్టుపక్కల తెలుగిళ్లలో పుట్టిన పిల్లల్లో సగం మంది ఆవిడ కుట్టిన బొంత మీదే బోర్లాపడ్డారు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, తొక్కుడు మిషను మీద రెండు వేళ్ల ఎడంలో గీత గీసినట్టు కుట్టుకుంటూ పోయేది. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ మిషనే. అందుకని ఇంట్లో దేవుడి పటాలకి బొట్టు పెట్టిన వేలితోనే దానికీ పెట్టేది.

పసిబిడ్డని కొత్త బట్ట మీద పడుకోబెట్టకూడదని మావాళ్ల పట్టింపు. ఎవరో ఒకరు కట్టి, ఉతికి, మెత్తబడ్డ బట్టే కావాలి. మొదటి బొంతకి పైపొర అమ్మమ్మ చీర, కిందిపొర నాన్నమ్మ చీర. మధ్యలో ఏది పెట్టినా పరవాలేదు. మా బొంతకి మధ్యన నా పాత లుంగీలు పెట్టాలని అమ్మ తేల్చేసింది. డీజిల్ వాసన పోవాలని వాటిని వేడినీళ్లలో మూడుసార్లు ఉడకేసింది. తన చీరల్ని రెండుసార్లు ఉతికి ఆరేసింది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

అమ్మమ్మ చీరలు ఫెరార్గంజ్ నుంచి రావాలి. మా అత్తగారు గవరమ్మ టీచర్ అక్కడే ఉంటారు. ముప్ఫై రెండేళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీర కట్టకుండా ఆవిడ గడప దాటగా చూసినవాళ్లు లేరు. బస్సులో నిలబడి వచ్చినా ఆవిడ కుచ్చిళ్లు చెదరవు. నాకు ఆవిడంటే గౌరవం, దాని కింద కొంచెం భయం. పెళ్లయి మూడేళ్లయినా ఆవిడ ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్న పాపాన పోలేదు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ మా ఆవిడ శ్రీలక్ష్మికి బీపీ ఉందని, పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉండమని డాక్టరమ్మ చెప్పింది. ఫెరార్గంజ్ దూరం, ప్రోతరాపూర్ దగ్గర. కూతురు అత్తింట్లోనే ఉండిపోవడానికి అత్తయ్య ఒప్పుకున్నారు గానీ, ఆ ఒప్పుకోవడం ఆవిడకి గొంతులో ముల్లులా ఉందని నాక్కూడా తెలిసింది. జూన్ మొదటివారంలో ఒక పెద్ద సంచీ పట్టుకుని వచ్చారు. గొడుగు వాకిట్లో పెట్టి, పాదాలు కడుక్కుని, కుర్చీ అంచున కూర్చున్నారు.

“నేను చేయాల్సిన చాకిరీ మీ నెత్తిన పెట్టాను వదినగారూ,” అన్నారు.

“చాకిరేటండీ వదినగారూ. నా కోడలు నా ఇంట్లో ఉంటే చాకిరేటి. మీరేటీ మనసులో పెట్టుకోకండి,” అంది అమ్మ.

“బొంతకి చీరలు తెచ్చాను. పాతవే. ఏమీ అనుకోకండి.”

సంచీలోంచి మూడు చీరలు తీశారు. ముదురు నీలం ఒకటి, గచ్చకాయ రంగు ఒకటి, తెల్లటి దాని మీద సన్న పసుపు గళ్లు ఇంకొకటి. మడతలు కొట్లోంచి వచ్చినట్టు నిటారుగా ఉన్నాయి. అమ్మ రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది.

“పాతవంటే ఎవులు నమ్ముతారండీ. ఇంత బాగా దాచుకున్న చీరలు ఇచ్చేస్తున్నారు,” అంది.

అత్తయ్య మొహం ఆ రోజు మొదటిసారి విచ్చుకుంది. ఆవిడ వెళ్లాక అమ్మ ఆ చీరల్ని నా లుంగీల పక్కన పెట్టనివ్వలేదు. విడిగా, ట్రంకుపెట్టె మీద తువ్వాలు పరిచి దాని మీద పెట్టింది.

మర్నాడే పని మొదలైంది. పొరలు పరిచి, మూలలకి టాకాలు వేసి, అమ్మ మిషను ముందు కూర్చుంది. నాకు ఆ చప్పుడంటే ఇష్టం. పొట్టలో ఉన్నప్పట్నించీ విన్నదే కదా. ఒక జానెడు దూరం బాగానే నడిచింది. తర్వాత తేడా వచ్చింది. పది కుట్లు పడితే రెండు తప్పిపోతున్నాయి. తప్పిన చోట పైదారం పొడుగ్గా తేలిపోతోంది. ఇంకాస్త ముందుకెళ్తే ఫట్‌మని తెగిపోతోంది. అమ్మ దారం ఎక్కించి మళ్లీ తొక్కింది. మళ్లీ అదే.

“జరుగమ్మా, నేను చూస్తాను,” అన్నాను.

పెద్ద ఇంజన్లు విప్పి బిగించే నాకు ఇదో లెక్కా అనుకున్నాను. ముందు సూది మార్చాను. పద్నాలుగో నంబరు సూది ఇంత మందానికి చాలదని పదహారు పెట్టాను. జానెడు దూరం ముత్యాల్లా పడ్డాయి కుట్లు. నేను చేతులు దులుపుకుని టీ అడిగాను. టీ వచ్చేలోపు మళ్లీ కుట్టు తప్పింది. పద్దెనిమిది పెట్టాను. మళ్లీ జానెడు బాగు, తర్వాత మామూలే. పైదారం బిగువు వదులు చేశాను, బిగించాను. బాబిను తీసి, దాని గూట్లో చేరిన నూగంతా బ్రష్షుతో తుడిచాను. నూనె వేశాను. సూది కింద బట్టని ముందుకి లాగే పళ్లు అరిగాయేమోనని వేలితో తడిమి చూశాను. మిషను విప్పి బిగించిన ప్రతిసారీ ఒక జానెడు దూరం నన్ను మురిపించి, ఆ తర్వాత నా మొహం మీద కొట్టేది.

మంచం మీద ఎడంపక్కకి తిరిగి పడుకుని శ్రీలక్ష్మి ఇదంతా చూసేది. “ఇంజనీరుగారూ, దానికి కూడా లాగ్‌బుక్ రాయండి. ఈ రోజు ఎంత దూరం నడిచిందో, ఎక్కడ ఆగిందో,” అనేది.

“నువ్వు నవ్వకు. బీపీ పెరుగుతుంది.”

“నవ్వితే పెరగదట. మీలాంటివాళ్లని చూసి ఏడిస్తే పెరుగుతుందట.”

నాలుగో రోజో అయిదో రోజో, నేను సూది బిగిస్తుంటే అమ్మ పక్కనే నిలబడి నెమ్మదిగా అంది. “మిషను కాదురా రాజూ. నా కాళ్లు.”

ఆవిడకి షుగరు. ఏడాదిగా అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని అంటోంది. నేలమీద చెప్పులు వేసుకున్నదీ లేనిదీ ఒక్కోసారి తెలియదట. తొక్కడంలో ఒక కాలు ఆగి ఒక కాలు నడుస్తోందేమో, అందుకే కుట్టు తప్పుతోందేమో అని ఆవిడ అనుమానం. నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, ఆ మాట మీద. కాళ్లు కావు, మిషనే అని గట్టిగా చెప్పి, ఆ రోజే దాని తల విప్పి గోనెసంచీలో చుట్టి బస్సెక్కించాను.

జంగ్లీఘాట్‌లో నూకన్న అని మిషన్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. ఆయన మిషన్ని తన బల్ల మీద బిగించి, పక్కనున్న గుడ్డముక్కని నాలుగు మడతలు పెట్టి కుట్టాడు. తర్వాత ఆరు మడతలు పెట్టి కుట్టాడు. ఒక్క కుట్టు తప్పలేదు.

“దేఖో భయ్యా. మెషీన్ ఫస్ట్ క్లాస్ ఉంది. నువ్వు ఊరికే విప్పకు దీన్ని,” అన్నాడు.

“మరి ఇంట్లో ఎందుకు తప్పుతోంది?”

“కుట్టేది ఎవరు?”

“మా అమ్మ.”

నూకన్న కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. “ఎన్నేళ్లు?”

“అరవై నాలుగు.”

“షుగరుందా?”

నేను గోనెసంచీ తీసి ఆయనకిచ్చాను. ఆయన మిషన్ని తిరిగి గోనెలో చుట్టిచ్చాడు. వచ్చేటప్పుడు బస్సులో ఆ బరువు ఒళ్లో పెట్టుకుని, ఇంట్లో ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఏదో నట్టు వదులైందట, బిగించాడట అని చెబుదామనుకున్నాను. అబద్ధం చెప్పడం నాకు రాదు. గుమ్మంలో నా మొహం చూడగానే అమ్మకి తెలిసిపోయింది.

“మిషను బాగానే ఉందన్నాడు కదా?” అంది.

“నూకన్నకేం తెలుసు.”

“ఆడికి తెలీకపోతే ఇంకెవులికి తెలుస్తాదిరా.”

అంతే. ఆ సాయంత్రం అమ్మ మిషను మీద పాత దుప్పటి కప్పింది. కప్పిన దుప్పటి మీద నాలుగు రోజుల్లో మందుల డబ్బా చేరింది, తర్వాత వారపత్రికలు, తర్వాత శ్రీలక్ష్మి రిపోర్టులు. సగం కూడా కుట్టని బొంత ట్రంకుపెట్టె మీదికి పోయింది. నేను ఒకసారి, ఎవరూ లేనప్పుడు ఆ బొంతే పెట్టి తొక్కి చూశాను. కుట్టు తప్పింది. నాకు కుట్టడం ఎప్పుడొచ్చింది గనక అని లేచిపోయాను. నా తెలివితక్కువతనానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇద్దరం తొక్కినా ఒకేలా తప్పుతోందంటే దానికి కాళ్లతో పనేముందని నాకు తట్టలేదు.

చప్పుడు లేని ఇల్లు నాకు కొత్త. బయట రేకుల మీద వాన పడుతుంటే లోపల ముగ్గురం మాట్లాడకుండా కూర్చునేవాళ్లం. అమ్మ కూరగాయలు తరిగేది, తరిగినవే మళ్లీ తరిగేది. ఎవరైనా బొంతకని చీరలు పట్టుకొస్తే, కళ్లు కనిపించడం లేదని పంపేసేది. కాళ్లని చెప్పడానికి నామోషీ. అత్తయ్య రెండురోజులకోసారి ఫోన్ చేసి, బొంత ఎంతవరకు వచ్చిందని అడిగేవారు. “అవుతోందమ్మా,” అని శ్రీలక్ష్మి చెప్పేది. ఫోన్ పెట్టాక తల గోడవైపు తిప్పుకునేది. నవ్వడం మానేసింది. డాక్టరమ్మ చెప్పిన తేదీకి అప్పటికి ఏడు వారాలుంది.

జులై మొదట్లో ఒకరోజు భోజనాలయ్యాక అమ్మ నన్ను పిలిచింది.

“ఆ మిషన్ని నూకన్నకి ఇచ్చేయ్ రా. నేర్చుకునే గుంటలు ఎవరైనా ఉంటే ఆళ్లకి పనికొస్తాది. మూల పెట్టి తుప్పు పట్టించడం ఎందుకు.”

“బొంతో?”

“మీ అత్తయ్యకి ఏదో ఒకటి చెప్పుకుందాం. బజార్లో దొరుకుతాయి కదా మెత్తటివి.”

మా ఇంట్లో పుట్టే బిడ్డకి అమ్మ బజారు బొంత కొనమనడం విని నాకు ఏడుపొచ్చింది. వెళ్లి దుప్పటి తీశాను. తల విప్పే ముందు సూది తీయడం నాకు అలవాటు, లేకపోతే బస్సులో ఎవరికో గుచ్చుకుంటుంది. తీసి వేళ్ల మధ్య పట్టుకుంటే అది జారలేదు, అంటుకుంది. వెలుతురులో పెట్టి చూశాను. మొన దగ్గర, కన్ను చుట్టూ, తెల్లగా ఏదో పేరుకుని ఉంది.

మా చీఫ్ ఇంజనీరు ఒక మాట అంటుంటాడు, ఇంజన్ మొరాయిస్తే ముందు రెంచి తీయొద్దు, బయటికి ఏం వస్తోందో ముట్టుకుని వాసన చూడమని. వేలు తడిచేసి ఆ తెలుపుని రుద్దాను. జిగురుగా సాగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అన్నం వాసన.

వెళ్లి ట్రంకుపెట్టె మీద బొంతని పట్టుకున్నాను. పైపొర నీలం చీర. వానాకాలపు చెమ్మకి అట్టలాంటి బట్ట కాస్తా లోపలికి జిగట పట్టింది. అడుగుపొర అమ్మ చీర, అది మామూలుగా మెత్తగా ఉంది.

“అమ్మా, ఒక్కసారి వచ్చి కూర్చో,” అన్నాను.

“ఒగ్గేయరా.”

“ఒక్కసారే. నా కోసం.”

సూది తుడిచి పెట్టాను. ముందు నా లుంగీని ఆరు మడతలు పెట్టి ఇచ్చాను. అమ్మ అయిష్టంగానే తొక్కింది. ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క కుట్టు తప్పలేదు. తన చీర ముక్క ఇచ్చాను. తప్పలేదు. గచ్చకాయ రంగు చీర మడత పెట్టి ఇచ్చాను. జానెడు దూరం నడిచి కుట్టు తప్పింది. నేను సూది తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను.

అమ్మ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత వంగి, పెడలు మీదున్న తన పాదాల్ని చూసుకుంది. “అయితే నా కాళ్లు కావన్నమాట,” అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ కొంగుతోనే మిషన్ని కూడా తుడిచింది. మంచం మీద శ్రీలక్ష్మి లేచి కూర్చుంది.

“మా అమ్మ గంజి పెట్టి తెచ్చిందా?” అంది. “పాత చీరలకి?”

“రేపే వీటిని నీళ్లలో పడేద్దాం,” అన్నాను.

అమ్మ తలెత్తి నా వైపు అదోలా చూసింది. “వియ్యపురాలు ఇచ్చిన చీర ఉతికితే, మాసిన చీర ఇచ్చిందని చెప్పినట్టు కాదేటి? నేను మొదట్నే ఎందుకు ఉతకలేదనుకున్నావు?”

“ఆవిడకి ఎలా తెలుస్తుంది?”

“బిడ్డని ఎత్తుకునేటప్పుడు చెయ్యి తగల్దా? గంజి చెయ్యి ఆవిడది. పోయిన సంగతి వేలికే తెలిసిపోతాది.”

శ్రీలక్ష్మి ఫోన్ చేసి చెబుతానంది. అమ్మ వద్దంది. కూతురి నోట ఆ మాట అసలు రాకూడదంది. “పిల్లని తన ఇంటికి తీసుకెళ్లలేకపోయానని ఆవిడ ఇప్పటికే కుమిలిపోతోంది. బొంత చెడింది కూడా మీవల్లే అని ఎలాగ చెప్తాం? నేనే ఎల్తాను,” అని తేల్చేసింది.

మర్నాడు బొంతని ప్లాస్టిక్ సంచీలో చుట్టి అమ్మా నేనూ ఫెరార్గంజ్ బస్సెక్కాం. దారంతా వాన. అమ్మ తన ఆకుపచ్చ చీర కట్టుకుంది. బయటికి వెళ్లడానికి ఆవిడకి ఉన్నది అదొక్కటే. ఆవిడ చీరలు ఏనాడూ గంజి ఎరగవు, పెడలు తొక్కే కాళ్లకి అడ్డమని. కిటికీ పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో పెదాలు కదిలిస్తూ సాధన చేసుకుంది.

అత్తయ్య వాకిట్లోకి వచ్చి మమ్మల్ని చూసి కంగారుపడ్డారు. శ్రీలక్ష్మి బాగానే ఉందని ముందు చెప్పాను. వసారాలో కూర్చున్నాం. అమ్మ సంచీలోంచి బొంత తీసి ఒళ్లో పరుచుకుంది.

“మీతో ఒక మాట చెప్పుకుందామని వచ్చానండి వదినగారూ. నా కాళ్లు మునపటిలా లేవు. షుగరు కదా. తిన్నగా తొక్కలేకపోతున్నాను. సూడండి, కుట్లు ఎలాగ తప్పిపోయాయో. మీ చీర దిట్టమైన బట్ట, నా కాళ్లకి లొంగటం లేదు. మీరు ఒప్పుకుంటే ఒకసారి తడిపి కుట్టుకుంటాను.”

నేను నోరు తెరిచాను. అమ్మ నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కింది. ముందురోజే తిరిగొచ్చిన కాళ్లు అవి. మూడు వారాలు వాటి కోసం లోలోపల ఏడ్చింది. వియ్యపురాలి మొహం చిన్నబోకూడదని వాటినే మళ్లీ తప్పుబట్టింది. అంత మంచితనం నాకు లేదు, రాదు కూడా.

అత్తయ్య బొంతని తన ఒళ్లోకి తీసుకున్నారు. లెక్కల నోటుపుస్తకం దిద్దేటప్పుడు ఎలా చూసేవారో అలాగే, ఒక్కో వరస మీద వేలు పెట్టుకుంటూ చూశారు. అంచు దగ్గర వేలు ఆగింది. అక్కడ పైచీర చివరిదాకా రాక, నా లుంగీ నాలుగు వేళ్ల మేర బయటికి వచ్చి ఉంది.

“ఇక్కడ నా చీర లేదు,” అన్నారు.

అమ్మ తల వంచుకుని ఆ అంచునే చూసింది.

“లుంగీ మీద ఒక్క కుట్టు తప్పలేదు. ఇదే వరస చీర మీదికి వచ్చాక తప్పింది. కాళ్లయితే రెండుచోట్లా తప్పాలి కదండీ.”

చీరని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని నలిపారు. ఆ జిగట ఆవిడ వేళ్లకి నాకంటే బాగా తెలుసు. వాన వైపు చూశారు. తర్వాత లేచి, బొంతని రెండు చేతుల మీద వేసుకుని వసారా చివరికి వెళ్లారు. చూరు నుంచి ధారగా పడుతున్న నీళ్ల కింద దాన్ని పెట్టారు. ఇస్త్రీ చీర కట్టుకుని ఉన్నారు. మోచేతుల దాకా, తర్వాత కుచ్చిళ్ల దాకా తడిసిపోయారు.

“మెత్తటి చీరలు ఇస్తే, నలిగినవి ఇచ్చింది అనుకుంటారేమోనని భయపడ్డాను,” అన్నారు, మా వైపు తిరగకుండానే. “అలా ఇవ్వడానికి మనసొప్పలేదు. వచ్చే ముందురోజు కూర్చుని మూడింటికీ గంజి పెట్టాను. పసిపిల్ల పడుకునే బట్టకి ఎవరైనా గంజి పెడతారా వదినా.”

గారు లేకుండా వదినా అనడం నేను అప్పుడే విన్నాను. అమ్మ లేచి వెళ్లి బొంత రెండో కొస పట్టుకుంది. “నేనైనా ఉతుక్కోవాల్సింది. నేనూ మీలాగే భయపడ్డాను కదా,” అంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా మెలి తిప్పి పిండారు. తెల్లటి నీళ్లు కారాయి. నాకు నవ్వొచ్చింది. నేను నవ్వేసరికి వాళ్లిద్దరూ కూడా నవ్వారు.

మిగతా చీరలు ఉతకడానికి అత్తయ్య ఆ సాయంత్రమే మాతో ప్రోతరాపూర్ వచ్చేశారు. రెండు రోజులుండి వెళ్తానన్నవారు రెండు నెలలున్నారు. తొలి కాన్పుకి కూతురి దగ్గర ఉండలేనేమో అన్న దిగులు ఆవిడకి అలా తీరింది. ఆ వానల్లో బొంత ఆరడానికే నాలుగు రోజులు పట్టింది. హాల్లో తాడు కట్టి, ఫ్యాను కింద వేలాడదీసి, మేమంతా దాని కింద నుంచి వంగి నడిచాం.

ఆరాక అమ్మ మిషను ముందు కూర్చుంది. అత్తయ్య ఎదురుగా పీట వేసుకుని, మిషను అవతల వేలాడే బరువంతా చేతుల్లో ఎత్తి పట్టుకున్నారు. లేకపోతే ఆ బరువే బట్టని కిందికి లాగి సూదిని వంచేస్తుందని అమ్మ చెప్పింది. నూకన్న కూడా చెప్పని సంగతి అది. అమ్మ తొక్కుతుంటే అత్తయ్య వదులుతూ ఉండేవారు. పది వరసలకోసారి టీ.

“వదినా, ఎడమవైపు ఎక్కువ వదులుతున్నావు,” అనేది అమ్మ.

“నువ్వు తొందరగా తొక్కుతున్నావు. నిదానం,” అనేవారు ముప్ఫై రెండేళ్ల టీచరుగారు.

నేను డాక్ నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పకుండానే ఆ చప్పుడు వింటూ నిలబడేవాణ్ణి. ఇన్నేళ్లలో నాకు అంత హాయిగా గడిచిన మధ్యాహ్నాలు మరి లేవు. శ్రీలక్ష్మికి నవ్వు తిరిగొచ్చింది. మొదట్లో తప్పిన కుట్లు ఒక మూల అలాగే ఉండిపోయాయి. విప్పి మళ్లీ కుడతావా అని అడిగితే అమ్మ వద్దంది, ఆ మూల పిల్ల కాళ్లవైపు వస్తుందిలే అంది. ఆగస్టు ఆఖర్లో కూతురు పుట్టింది. ఆసుపత్రిలో నర్సు దాన్ని ఎత్తి ఆ బొంత మీద పెట్టినప్పుడు, నీలం చీర పైన ఉంది, అమ్మ చీర కింద ఉంది. తర్వాతి వారం మా పడవ నీళ్లలోకి దిగింది, నేను డ్యూటీకి వెళ్లిపోయాను.

ఇదంతా జరిగి నాలుగేళ్లయింది. పోయిన మాఘమాసంలో అమ్మ కన్నుమూసింది. చివరి నెల వరకూ మిషను తొక్కింది. పదకొండో రోజున బంధువులంతా వెళ్లాక అత్తయ్య నన్ను పక్కకి పిలిచి, శేషమ్మ వదిన చీర ఒకటి ఇవ్వమని అడిగారు. నేను పెట్టె తెరిస్తే ఆవిడే ఆకుపచ్చది ఏరుకున్నారు.

ఈ వానాకాలం శ్రీలక్ష్మికి మళ్లీ ఏడో నెల. ఇప్పుడు మిషను ఆవిడది. నిన్న ఫెరార్గంజ్ బస్సులో కండక్టరు చేతికిచ్చి అత్తయ్య ఒక సంచీ పంపారు. పైన గళ్ల చీర, అప్పటి బొంతకి వాడక మిగిలితే ఆవిడ తిరిగి పట్టుకెళ్లినదే. ఎన్నిసార్లు ఉతికారో, చేతిలో పట్టుకుంటే నీళ్లలా జారిపోతోంది. దాని కింద దినపత్రికలో చుట్టిన పొట్లం. విప్పితే అమ్మ ఆకుపచ్చ చీర. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడతకి మడత కత్తిలా నిలబెట్టి ఉంది. బతికుండగా ఆ చీర అలా ఎన్నడూ లేదు.

మధ్యలో ఒక కాగితం ఉంది. శ్రీలక్ష్మి పైకి చదివింది. “మెత్తటిది నాది. రెండోది వదినది. కిందిపొరకి నాన్నమ్మ చీర కావాలి కదా. తనదాన్ని మామూలుగా చుట్టి పంపడానికి నాకు మనసొప్పలేదు. కుట్టేముందు మీరే తడపండి.”

శ్రీలక్ష్మి చదవడం ఆపి నా వైపు చూసింది. నేను చీర తీసుకుని బయటికి వెళ్లాను. వాన బాగా పడుతోంది. చూరు కింద నిలబడి, మడతలు విప్పి ధార కింద పట్టుకున్నాను. మొదట తెల్లటి నీళ్లు వచ్చాయి, తర్వాత మామూలు నీళ్లు. గంజంతా పోయాక, నా చేతుల్లో అది మెల్లగా అమ్మ చీరయింది.